శాశ్వత చిరునామా

పాస్‌పోర్ట్ రెన్యువల్ ఫారం నింపుతూ ఒక గడి దగ్గర ఆగిపోయాను. 'ప్రస్తుత చిరునామా' రాయడం తేలికే, హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్. దాని కింద 'శాశ్వత చిరునామా' అని ఉంటుంది. ఇంజనీరింగ్ అప్లికేషన్ దగ్గర్నుంచీ ఆ గడిలో మా నానమ్మ ఇంటి డోర్ నంబరే రాస్తూ వచ్చాను. ఆ ఇంట్లో నేను వేసవి సెలవులకి తప్ప ఉన్నది లేదు. అయినా ఏడు ఫ్లాట్లు మారాక కూడా మారకుండా ఉన్నది అదొక్కటే కాబట్టి, శాశ్వతం అంటే అదే అనుకునేవాణ్ణి. ఈసారి చెయ్యి ఆడలేదు. ఆ ఇల్లు కిందటి వానాకాలంలో కూలిపోయింది.

ఎనభై ఏళ్ళ పెంకుటిల్లు. నాన్న పుట్టిందీ, తాతయ్య పోయిందీ అందులోనే. చాలా తుఫాన్లు చూసింది. నానమ్మ పోయాక తాళం వేశాం. మూడు వానాకాలాలు తిరిగేసరికి పడమటి వైపు వాసాలు విరిగి కప్పు గదిలోకి వచ్చేసింది. ఎనభై ఏళ్ళు నిలిచింది మూడేళ్ళలో ఎలా కూలిందో నాకు అర్థం కాలేదు. ఊళ్ళో పెంకులు సర్దే మేస్త్రిని అడిగితే, ఆయనకి ఇందులో ఆశ్చర్యమేమీ కనపడలేదు. నానమ్మ ఏటా వానలకి ముందు ఆయన్ని పిలిపించి, జారిన పెంకులు సర్దించి, పగిలినవి మార్పించేదట. కట్టెల పొయ్యి పొగ పట్టినన్నాళ్ళూ వాసాలకి చెద రాలేదట. "దానంతటది ఎక్కడుంది బాబూ, ఏటా నిలబెడితే ఉంది" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. నేను చదువుకున్న పద్ధతిలో, నిలిచి ఉండటం అనేది వస్తువుకి ఉండే గుణం. బంగారం తుప్పు పట్టదు, రాయి కుళ్ళదు, కాగితం చిరుగుతుంది. గట్టి వస్తువుని ఎంచుకుంటే అది నిలుస్తుంది, అంతే. మేస్త్రి మాట ప్రకారం నిలవడం అంటే ఎవరో చేస్తూ ఉండే పని. ఈ రెండింట్లో ఏది నిజం? నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, తత్త్వవేత్తని కాను. కానీ శాశ్వతత్వం గురించి వేరువేరు శాస్త్రాలవాళ్ళు ఏమనుకున్నారో చదవడం మొదలుపెడితే, చాలాచోట్ల వాళ్ళు మా మేస్త్రి ఉన్న చోటికే వచ్చి చేరారని అనిపించింది. అలా చేరనివాళ్ళు కూడా ఉన్నారు. అదీ చెప్పాలి.

*

ముందు కిలోగ్రామ్ సంగతి. 1889 నుంచి 2019 దాకా ప్రపంచానికి కిలోగ్రామ్ అంటే ఒక వస్తువు. పారిస్ పక్కన సెవ్ర్ అనే ఊళ్ళో, అంతర్జాతీయ తూనికలు కొలతల కార్యాలయంలో, గాజు గంటలు బోర్లించి భద్రపరచిన ప్లాటినం-ఇరీడియం స్తూపం. ఎత్తూ వెడల్పూ సుమారు 39 మిల్లీమీటర్లు, అంటే గుప్పిట్లో పట్టేస్తుంది. మనిషికి తెలిసినంతలో మార్పు రాని లోహం కాబట్టి దాన్ని ఎంచుకున్నారు. దాని నకళ్ళు చేసి దేశాలకి పంచారు. మన దేశపు నకలు 57వ నంబరుది, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది.

కొన్ని దశాబ్దాలకోసారి నకళ్ళని తెచ్చి అసలుతో తూచి చూసేవారు. 1988-92 మధ్య అలా చూసినప్పుడు, నూరేళ్ళలో అసలుకీ కొన్ని నకళ్ళకీ మధ్య సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చిందని తేలింది. ఒక సన్న ఇసుక రేణువంత. తేడా చిన్నదే, దాని వెనకున్న చిక్కు మాత్రం పెద్దది. అసలు తగ్గిందా, నకళ్ళు పెరిగాయా? చెప్పే దారి లేదు. నిర్వచనం ప్రకారం అసలు బరువు ఎప్పుడూ సరిగ్గా ఒక కిలోగ్రామే. అది తగ్గిందని అనడానికి వీల్లేదు, ప్రపంచంలో మిగతావన్నీ పెరిగాయనే అనాలి. ఒక వస్తువుని శాశ్వతమని ప్రకటించేస్తే, అది మారినా మారిందని చెప్పే నోరు మనకి ఉండదన్న మాట.

2018 నవంబరులో దేశాలన్నీ ఓటు వేసి, 2019 మే 20 నుంచి ఆ స్తూపాన్ని పదవి నుంచి తప్పించాయి. ఇప్పుడు ప్లాంక్ స్థిరాంకానికి ఒక కచ్చితమైన విలువని ఖాయం చేసి, దాని ఆధారంగా కిలోగ్రామ్‌ని రాబడతారు. ఒక పళ్ళెంలో బరువు, దానికి పోటీగా విద్యుదయస్కాంత బలం ఉండే కిబ్ల్ త్రాసుతో, తగిన పరికరాలున్న ఏ ప్రయోగశాలైనా కిలోగ్రామ్‌ని తనంత తాను తయారు చేసుకోవచ్చు. సెవ్ర్‌లో గది కాలిపోయినా కిలోగ్రామ్‌కి ఏమీ కాదు. అయితే ఆ త్రాసుని కట్టగలిగేవాళ్ళు, దాన్ని సరిచూసేవాళ్ళు, వాళ్ళకి నేర్పేవాళ్ళు ఉండాలి. కిలోగ్రామ్ ఇప్పుడు దాచుకునే వస్తువు కాదు, మళ్ళీ మళ్ళీ చేసి చూడాల్సిన పని.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. ప్లాంక్ స్థిరాంకం ఎవరు చూసినా చూడకపోయినా ఉంటుంది కదా? ప్రకృతి నియమాల శాశ్వతత్వానికి ఏ మేస్త్రీ అక్కర్లేదు కదా?

నిజమే. భౌతికశాస్త్రంలో అలాంటి శాశ్వతత్వం కోసం వెతికిన కథల్లో ఒకటి మనకి దగ్గర్లోనే, కోలార్ బంగారు గనుల్లో జరిగింది. ప్రోటాన్ ఎప్పటికైనా క్షీణిస్తుందా అన్నది ప్రశ్న. 1980ల్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలూ, జపాన్ శాస్త్రవేత్తలూ కలిసి, రెండు కిలోమీటర్లకి పైగా లోతున సుమారు 140 టన్నుల ఇనుముతో పరికరం కట్టి కూర్చున్నారు. ఒక్క ప్రోటాన్‌ని కోటానుకోట్ల ఏళ్ళు చూడలేం. అందుకని లెక్కలేనన్ని ప్రోటాన్లని కొన్నేళ్ళు చూడటం. కొన్ని అనుమానపు జాడలు దొరికాయని వాళ్ళు ప్రకటించారు కానీ, తర్వాత వచ్చిన పెద్ద ప్రయోగాలు వాటిని బలపరచలేదు. జపాన్‌లోని సూపర్ కమియోకాండే 50,000 టన్నుల నీళ్ళని కనిపెట్టుకుని చూస్తూ ఉంది. ఇప్పటి దాకా ఒక్క ప్రోటాన్ కూడా క్షీణించినట్టు తేలలేదు. ఎక్కువ వెతికిన పద్ధతిలో క్షీణించేటట్టయితే దాని ఆయుర్దాయం 1 పక్కన 34 సున్నాలు పెట్టినన్ని ఏళ్ళకంటే ఎక్కువే ఉండాలి. విశ్వం వయసు దానిముందు రెప్పపాటు కూడా కాదు.

అలాంటి శాశ్వతత్వం ఉంటే ఉండవచ్చు. దానికి మనతో పని లేదు. నన్ను ఆపింది వేరే సంగతి. కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి. ప్రోటాన్ ఎంతకాలం ఉంటుందో కనుక్కోవడానికి దిగిన గని పాతికేళ్ళు కూడా ఆగలేదు. ప్రోటాన్లు మిగిలే ఉన్నాయి, నానమ్మ ఇంటి పెంకుల్లోని ప్రోటాన్లూ మిగిలే ఉన్నాయి. ఇల్లే లేదు. మనుషులు 'ఇది నిలవాలి' అని కోరుకునేవన్నీ, అంటే ఇల్లు, పాట, భాష, ఊరు, మాట, పదార్థాలు కావు, అమరికలు. పదార్థం నిలిచినంత మాత్రాన అమరిక నిలవదు.

*

అమరిక ఎలా నిలుస్తుందో జీవశాస్త్రం బాగా చెప్పింది. డీఎన్ఏ అంటే తరతరాలకీ చెక్కుచెదరని శిలాశాసనం లాంటిదని ఒకప్పుడు శాస్త్రవేత్తలు అనుకునేవారు. వారసత్వం అంతా దానిమీదే ఉంది కాబట్టి అది గట్టిదే అయి ఉండాలని నమ్మకం. టొమాస్ లిండాల్ అనే స్వీడన్ శాస్త్రవేత్తకి 1970ల్లో అనుమానం వచ్చింది. కొలిచి చూస్తే, శరీరంలో ఉండే మామూలు నీటిలో, మామూలు వేడిలోనే డీఎన్ఏ నిరంతరం దెబ్బతింటోంది. ఒక్కో కణంలో రోజుకి వేల దెబ్బలు. ఈ లెక్కన జీవులు ఉండనే కూడదు. మరి ఉన్నాయి కాబట్టి, లోపల ఎవరో ఎప్పటికప్పుడు బాగు చేస్తూ ఉండాలి. అలా వెతికి ఆ మరమ్మతు చేసే ఎంజైములని పట్టుకున్నాడు. 2015లో ఆయనకీ, మరమ్మతు పద్ధతుల మీదే పనిచేసిన మరిద్దరికీ కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

డీఎన్ఏ నిలవడానికి కారణం దాని గట్టిదనం కాదు. అది పెంకుటిల్లు. ఏటా కాదు, క్షణక్షణం పెంకులు సర్దితే ఉంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ మరమ్మతు నూటికి నూరు పాళ్ళూ జరగదు. కొన్ని తప్పులు మిగిలిపోతాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ అవుతాయి. ఇంకొన్ని, తరాలు దాటి, కొత్త జీవజాతులవుతాయి. నకలు తీయడంలో ఏ పొరపాటూ లేని శాశ్వతత్వం మొదట్నుంచీ ఉండి ఉంటే, భూమి మీద మొదటి కణాలే ఇంకా ఉండేవి, మనం ఉండేవాళ్ళం కాదు.

ఈ మాట బౌద్ధ తార్కికులకి కొత్తగా అనిపించి ఉండేది కాదు. ధర్మకీర్తి సంప్రదాయంలో ఒక వాదం ఉంది: ఉన్నది అంటే ఏదో ఒక పని చేసేది. ఎప్పటికీ మారనిది పని చేయలేదు. చేస్తే ఎప్పుడూ చేస్తూనే ఉండాలి, లేదా ఎప్పుడూ చేయకూడదు, ఎందుకంటే ఇప్పుడు చేసి అప్పుడు చేయకపోవడమే ఒక మార్పు. కాబట్టి మారనిది లేదు. వాదంగా దీనికి న్యాయ దర్శనంవాళ్ళు శతాబ్దాలపాటు జవాబులు చెప్పారు, ఆ గొడవలోకి నేను దిగలేను. నాకు ఉపయోగపడిందల్లా ఇది: నిత్యం, అనిత్యం అనే రెండే గదులున్నాయని అనుకోనక్కర్లేదు. బౌద్ధులు శాశ్వతవాదాన్ని ఎంత కాదన్నారో, పోయాక ఏమీ మిగలదనే ఉచ్ఛేదవాదాన్ని కూడా అంతే కాదన్నారు. మిళిందపన్హలో నాగసేనుడు దీపం ఉదాహరణ ఇస్తాడు. రాత్రంతా వెలిగిన దీపంలో మొదటి జామున ఉన్న జ్వాలా, చివరి జామున ఉన్న జ్వాలా ఒకటేనా? ఒకటి కాదు, వేరూ కాదు. ఒకదాన్ని ఆనుకుని ఒకటి. ఇది చదివిన ప్రతిసారీ నాకు అడగాలనిపించేది ఇంకొకటుంది: రాత్రంతా ఆ దీపంలో నూనె పోసిందెవరు?

ఆ ప్రశ్నకి జవాబు నాకు తత్త్వగ్రంథాల్లో దొరకలేదు, శాసనాల్లో దొరికింది. శాతవాహనులకి పోటీదారుడైన నహపానుడి అల్లుడు ఉషవదాతుడు, సుమారు 1900 ఏళ్ళ కిందట, నాసిక్ గుహల్లో ఒక శాసనం వేయించాడు. 3,000 కార్షాపణాలు సంఘానికి దానం. ఆ డబ్బు సంఘం చేతికి ఇవ్వలేదు. 2,000 ఒక సాలెల శ్రేణి దగ్గర నెలకి నూటికి ఒకటి వడ్డీకి, 1,000 ఇంకో శ్రేణి దగ్గర నూటికి ముప్పావు వడ్డీకి పెట్టాడు. అసలు ఎవరూ ముట్టకూడదు. వడ్డీతో వానాకాలంలో గుహలో ఉండే భిక్షువులకి వస్త్రాలూ, చిల్లర ఖర్చులూ. ఇలాంటి నిధికి పేరు అక్షయనీవి. సర్వం అనిత్యం అని నమ్మినవాళ్ళ కోసం 'అక్షయ' అనే పేరుతో ఏర్పాటు! నవ్వుకోవచ్చు కానీ నాకు ఇందులో వైరుధ్యం కనపడదు. అన్నీ అరిగిపోతాయని గట్టిగా తెలిసినవాళ్ళే, అరుగుదలకి ముందుగా డబ్బు పక్కన పెడతారు. గుహ రాతిదే. అయినా అందులో ఏటా ఎవరికో బట్ట కావాలి.

ఆ బౌద్ధం వర్ధిల్లిన మన లోయ ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. ఇక్ష్వాకుల విజయపురి, అంటే నాగార్జునకొండ. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది. మునిగిపోయేలోగా పురావస్తు శాఖ లోయంతా తవ్వింది. కొన్ని కట్టడాలని విప్పి కొండ మీదికి చేర్చి మళ్ళీ పేర్చారు, కొన్నిటి నమూనాలు అనుపు దగ్గర కట్టారు. లాంచీలో ద్వీపానికి వెళ్ళి ఆ రాళ్ళ మధ్య నిలబడితే, ఇది అసలు చోటు కాదని తెలుసు, రాళ్ళు మాత్రం అవే. విజయపురి మిగిలిందా పోయిందా? నాగసేనుడి జవాబే ఇక్కడా పనికొస్తుంది. ఎవరో కూర్చుని ఏ రాయి ఎక్కడిదో గుర్తుపెట్టుకోబట్టి ఆ మాత్రమైనా ఉంది. ఆ నీళ్ళ కిందే మామూలు ఊళ్ళు కూడా మునిగాయి. వాటిని కొండ మీద మళ్ళీ పేర్చాలని ఎవరికీ తట్టలేదు. ఈ మాటకి మళ్ళీ వస్తాను.

*

తెలుగువాళ్ళకి ఈ విషయంలో ఇంకా దగ్గరి ఉదాహరణ అన్నమయ్య. 1503లో ఆయన పోయాక, కొడుకు పెద తిరుమలాచార్యుల పూనికతో ఆ కుటుంబం కీర్తనలని రాగిరేకుల మీద చెక్కించింది. తాటాకుని పురుగు తింటుంది, రాగిని తినదు. తిరుమల ఆలయంలో ఒక చిన్న అరలో ఆ రేకులు శతాబ్దాలు పడి ఉన్నాయి. 1920ల్లో బయటపడ్డాయి. గట్టి వస్తువుని ఎంచుకోవాలనే వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. వేల కీర్తనలు, అక్షరం చెదరకుండా వచ్చాయి.

కానీ ఏం వచ్చింది? రేకు మీద పాట ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఆయన ఎలా పాడాడో చెప్పే గొంతు, భజన సంప్రదాయంలో మిగిలిన కొద్ది పాటల్ని వదిలేస్తే, తెగిపోయింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలుకొని ఎందరో కొత్తగా వరుసలు కట్టారు. ఈరోజు మనం వినే అన్నమయ్య పాటల్లో మాట పదిహేనో శతాబ్దానిది, పాట ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దానిది.

త్యాగరాజు (1767-1847) దీనికి ఎదురు. ఆయన కోసం ఎవరూ రాగిరేకులు చెక్కించలేదు. శిష్యులు కొంత రాసుకున్నారు, అంతకంటే ఎక్కువగా పాడుతూ వచ్చారు. ఒకే కీర్తన ఒక్కో శిష్యపరంపరలో ఒక్కోలా వినపడుతుంది. ఏది అసలు అని తగవులు ఉన్నాయి. అయినా పాట పాటగా వచ్చింది. రాగి అక్షరాన్ని మారకుండా ఉంచి పాటని పోగొట్టుకుంది, గొంతు పాటని మారుస్తూ నిలబెట్టింది. రెంటిలో ఒకటే గొప్పదని అననక్కర్లేదు, రేకులు లేకపోతే మనకి ఆ మాటలే ఉండేవి కావు. కానీ రేకుల్ని కూడా చివరికి ఎవరో చదివి, ఎత్తి రాసి, అచ్చు వేయాల్సి వచ్చింది. వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటివాళ్ళు కూర్చుని ఆ పని చేయకపోతే, అరలో ఉన్నదీ లేనిదీ ఒకటే.

మా వృత్తిలో ఇది రోజూ చూసేదే. 'డేటా క్లౌడ్‌లో భద్రంగా ఉంది' అంటారు. అక్కడ డిస్కులు చస్తూనే ఉంటాయి, అది మామూలు సంగతి. ఒకటి చచ్చేలోగా ఇంకో రెండు చోట్ల నకలు ఉండాలి, పాత నకళ్ళని అప్పుడప్పుడూ చదివి చెడిపోయిన బిట్లని సరిచేస్తూ ఉండాలి. ఇంతా చేసి, చదవడం మర్చిపోతే అదీ దండగే. యూనికోడ్ వాడకంలోకి రాకముందు ఒక్కో పత్రికా, ఒక్కో డీటీపీ సెంటరూ తమ సొంత ఫాంట్లలో తెలుగు టైపు చేశాయి. ఆ సీడీలు ఇప్పుడు తెరిస్తే పిచ్చి గీతలు కనపడతాయి. బిట్లు అన్నీ ఉన్నాయి, ఏ గీతకి ఏ అక్షరమో చెప్పే ఒప్పందం పోయింది.

యూనికోడ్ అలాంటి ఒప్పందమే. అందులో ఒకసారి అక్షరానికి ఇచ్చిన అంకెని మళ్ళీ తీసేయరు, పేరు కూడా మార్చరు. ఎంత కచ్చితం అంటే, నిలువు రాతలో వాడే ఒక గుర్తు పేరులో 'బ్రాకెట్' అన్న మాట ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో రెండు అక్షరాలు తారుమారై పడ్డాయి. తప్పని అందరికీ తెలుసు. పక్కన సవరణ రాసి పెట్టారు కానీ ఆ పేరు అలాగే ఉంచారు, ఉంచుతారు. దిద్దితే ఒక తప్పు పోతుంది, దాంతోపాటు 'మార్చం' అన్న మాట కూడా పోతుంది. శాశ్వతత్వం ఇక్కడ ఏ లోహంలోనూ లేదు. కొంతమంది మనుషులు తమ తర్వాతి మనుషులకి ఇచ్చిన మాటలో ఉంది.

*

ఇంతవరకూ మేస్త్రి గెలిచాడు. కానీ ఆయన మాటని ఒప్పుకుంటే వచ్చే ఇబ్బందులు కూడా చూడాలి.

ఒకటి. ఎవరూ కనిపెట్టుకోకపోయినా నిలిచిపోయేవి ఉన్నాయి. ప్లాస్టిక్ సంచి, ప్లుటోనియం. ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికే 24,000 ఏళ్ళు పడుతుంది. మనం కోరినవి నిలవాలంటే రోజూ చాకిరీ చేయాలి, కోరనివి వాటంతటవే నిలుస్తాయి. వాటినుంచి పిల్లల్ని కాపాడటానికి మళ్ళీ తరతరాల చాకిరీ. ఏదైనా తయారు చేసేటప్పుడు 'ఇది ఎంతకాలం ఉంటుంది' అని మాత్రమే అడుగుతాం. 'దీన్ని ఎంతకాలం, ఎవరు చూసుకోవాలి' అని కూడా అడగాలి.

రెండు. నిలిచింది కాబట్టి గొప్పది, పోయింది కాబట్టి పోదగినది అనే భ్రమ మనకి బలంగా ఉంది. కాలపరీక్షకి నిలిచింది అంటాం, కాలం ఏదో నిష్పక్షపాతమైన పరీక్షాధికారి అయినట్టు. నిలవడం అంటే ఎవరో చేసిన పనైతే, ఎవరి కోసం ఆ పని జరిగిందన్నది అసలు ప్రశ్న. రాగిరేకులకి ఆలయం ఉంది, నిధులున్నాయి. తిరగలి దగ్గరా, నాట్లు వేస్తూనూ ఆడవాళ్ళు పాడుకున్న పాటలకి ఏ అరా లేదు. మిక్సీ వచ్చాక తిరగలి పోయింది, దాంతోపాటు ఆ పాట పాడే సందర్భమూ పోయింది. సేకరించినవాళ్ళు కొన్ని సేకరించారు, ఎన్నో పోయాయి. అవి తక్కువ పాటలు కాబట్టి పోలేదు. నాగార్జునసాగర్ కింద మునిగిన ఊళ్ళూ అంతే. పోయినదాని విలువ ఎంతో, మిగిలినవాటిని చూసి కొలవలేం.

మూడోది నన్ను ఎక్కువ బాధపెట్టేది. మన వాడుకలో 'పర్మనెంట్' అన్న మాట చిరునామా కంటే ఎక్కువగా ఉద్యోగానికి వాడతాం. పిల్ల నివ్వడానికి అడిగే మొదటి ప్రశ్న, అబ్బాయిది పర్మనెంటేనా అని. ఇప్పుడు మన ఊళ్ళు రోజూ ఊళ్ళుగా నిలవడానికి కారణం ఎవరో చూడండి. తెల్లారకముందే రోడ్లు ఊడ్చేవాళ్ళు, కాలవల్లో పూడిక తీసేవాళ్ళు, నీళ్ళ ట్యాంకుల దగ్గర కాపలా ఉండేవాళ్ళు. వీళ్ళు ఒక వారం పని ఆపితే నగరం ఏమవుతుందో సమ్మెలు జరిగినప్పుడల్లా చూస్తూనే ఉన్నాం. వీళ్ళలో ఎంతోమంది కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కార్మికులు. ఇరవయ్యేళ్ళు పనిచేసినా కాగితం మీద తాత్కాలికమే. "మమ్మల్ని పర్మనెంట్ చేయండి" అన్నది రెండు రాష్ట్రాల్లోనూ వాళ్ళ పాత డిమాండు. మిగతా అందరి శాశ్వతత్వాన్నీ తమ చేతులతో చేసేవాళ్ళకి మాత్రం అది లేదు. ఉషవదాతుడికి వడ్డీ ఎవరి మగ్గాల మీదనుంచి రావాలో తెలుసు, వాళ్ళ శ్రేణి పేరు గోడ మీద చెక్కించాడు. మన శంకుస్థాపన ఫలకాల మీద కట్టించినవాళ్ళ పేర్లుంటాయి. ఊడ్చేవాళ్ళ పేర్లు ఉండగా నేను చూడలేదు.

ఇదంతా రాస్తున్న నేను కూడా ఈ లెక్కలోనే ఉన్నాను. పదిహేనేళ్ళు ఆ ఇంటిని నా శాశ్వత చిరునామాగా రాసుకున్నాను. దాన్ని శాశ్వతంగా ఉంచే పని నానమ్మ చేసింది, మేస్త్రి చేశాడు, వాకిలి ఊడ్చి పెట్టిన పక్కింటి పిన్ని చేసింది. నేను గడి నింపాను.

*

ఇల్లు కూలాక నాన్న చాలారోజులు మాట్లాడలేదు. తర్వాత ఒక ఆదివారం ఫోన్ చేసి, "పెంకు తీసేసి స్లాబు వేసేద్దాం రా. ఒకసారి వేస్తే ఇక చూసుకోనక్కర్లేదు" అన్నారు. శాశ్వతం అంటే ఇక చూసుకోనక్కర్లేనిది అన్న ఆశ ఆ మాటలో ఉంది. సెవ్ర్‌లో స్తూపం భద్రపరచినవాళ్ళ ఆశా అదే. స్లాబుకీ నీరు దిగుతుందని, లోపలి ఇనుము ఉబ్బుతుందని, తాళం వేసిన స్లాబు ఇల్లు కూడా ఇల్లు కాదని చెప్పాను. "అయితే నువ్వొచ్చి చూసుకుంటావా?" అన్నారు. నిజాయితీగా చెప్పాలంటే, సరే అనలేకపోయాను. ఏడాదికి రెండుసార్లు వెళ్ళి తాళం తీసి, ఫోటోలు తీసుకుని వచ్చేయడాన్ని చూసుకోవడం అనరు. నేను ఇవ్వలేని మాటని ఆ ఇంటి పేరు మీద ఇంకో ఇరవయ్యేళ్ళు నడిపించడం తప్పనిపించింది.

అమ్మేశాం. కొన్నది ఆ ఊళ్ళోనే అద్దెకి ఉంటున్న కుటుంబం, ఇద్దరు బడికెళ్ళే పిల్లలు. ఎక్కువ ఇస్తామన్నవాళ్ళు ఇంకొకరున్నారు, వాళ్ళు పడగొట్టి స్థలం అట్టిపెట్టుకుందామనుకున్నారు. నాన్న వీళ్ళకే ఇచ్చారు. కారణం ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఫారంలో శాశ్వత చిరునామా గడిలో ఈ అద్దె ఫ్లాటే రాశాను. అబద్ధమే, కానీ ఇదివరకటంత అబద్ధం కాదు, ఇక్కడ కనీసం కుళాయి కారితే బాగు చేయించేది నేనే.

మొన్న నాన్న ఫోన్ చేశారు. "కొన్నవాళ్ళు పడమటి వైపు పెంకులన్నీ దింపేసి రేకులు వేస్తున్నారట రా. మనిల్లు ఇక మనింటిలా ఉండదు" అన్నారు.

"వేసుకోనీ నాన్నా, వాళ్ళు అందులో ఉంటారు కదా" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వంట కట్టెల పొయ్యి మీదే చేస్తున్నారట" అన్నారు.